హాల్లో టీవీ, వెనక గదిలో కంప్యూటర్, మధ్యలో వైరు లేదు

మాది వరంగల్ కొత్తవాడ. బాపు మగ్గం మీద జంపఖానాలు, అంటే దర్రీలు నేస్తాడు, నేను కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను, ఆర్డర్లు చూసుకుంటాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట ఎక్కడో చదివి నేరుగా ఇంటికి వచ్చేవాళ్ళు కూడా ఇప్పుడు ఉన్నారు. వచ్చినవాళ్ళు ఒక్కరు రారు. భార్యాభర్తలు, పిల్లలు, వాళ్ళను తీసుకొచ్చిన తెలిసినాయన, అందరూ వెనక గదిలో నా చిన్న మానిటర్ చుట్టూ మూగుతారు. వెనక నిలబడ్డవాళ్ళకు ముందున్నవాళ్ళ తలలే కనిపిస్తాయి. హాల్లో చూస్తే 43 అంగుళాల టీవీ గోడకు వేలాడుతోంది. డిజైన్లు దాని మీద చూపిస్తే సరిపోతుంది కదా అనిపించింది.

హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే ఒక్క పూటలో అయిపోయే పని. కానీ రెండు గదుల మధ్య తలుపు ఉంది, ఆ తలుపులోంచే అమ్మ రోజంతా తిరుగుతుంది. కాళ్ళకు తగిలేటట్టు వైరు వేస్తే ఊరుకోనని ముందే చెప్పేసింది. గోడకు రంధ్రం వేయడానికి నాకు మనసు రాలేదు. వైరు లేకుండా చేయాలని అట్లా మొదలైంది.

టీవీ కొన్న షాపుకు ఫోన్ చేస్తే, 'స్మార్ట్ టీవీ కదన్నా, అన్నీ వస్తయి' అన్నారు. రావట్లేదని మళ్ళీ అడిగితే, 'ఒక డాంగిల్ పెట్టు అన్నా, అయిపోతది' అన్నారు. డాంగిల్ అంటే టీవీ వెనక గుచ్చే చిన్న పరికరం. నా దగ్గర ఉన్న కంప్యూటర్ ఏది, దానికి వైఫై ఉందా, టీవీలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ డాంగిల్ కొనకుండా ఆపింది మా మేనల్లుడు. హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆదివారం అన్నానికి వచ్చాడు.

వాడు వచ్చీ రాగానే కీబోర్డ్ మీద విండోస్ బటన్, కె కలిపి నొక్కాడు. టీవీల జాబితా రావాల్సిన చోట, ఈ కంప్యూటర్‌తో కాదన్నట్టు ఒక మెసేజ్ వచ్చింది. 'మామా, ముందుగాల దీనికి వైఫై ఉందా చెప్పు' అన్నాడు. లేదు. నాది డెస్క్‌టాప్, రౌటర్ నుంచి ల్యాన్ వైరుతో నెట్ వస్తుంది. వైఫై అవసరం ఎప్పుడూ పడలేదు.

అప్పుడు వాడు చెప్పిన సంగతి ఆ షాపువాళ్ళు చెప్పి ఉంటే నాకు సగం తలనొప్పి తప్పేది. కంప్యూటర్ తెరను గాలిలో టీవీకి పంపడానికి వేర్వేరు పద్ధతులు ఉన్నాయి, ఒకదానికి ఇంకొకదానితో సంబంధం లేదు. విండోస్ బటన్, కె నొక్కితే వచ్చేది మిరాకాస్ట్. వైఫై అలయన్స్ అనే సంస్థ 2012లో తెచ్చింది, విండోస్‌లోకి 8.1తో వచ్చింది, అందుకే విండోస్ 7 ఉన్న పాత మెషీన్లలో అది లేదు. మామూలుగా ఇందులో కంప్యూటర్, టీవీ రెండూ ఒకదానితో ఒకటి నేరుగా వైఫైలో మాట్లాడుకుంటాయి. ఇంట్లో నెట్ లేకున్నా, రౌటర్ లేకున్నా నడుస్తుంది. కానీ కంప్యూటర్‌కు వైఫై ఉండి తీరాలి, దాని డ్రైవర్, అంటే ఆ వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకోవాలి. రెండోది గూగుల్ కాస్ట్. 2013లో క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరంతో వచ్చింది, ఇప్పుడు గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ అని రాసి ఉన్న సెట్లలో లోపలే ఉంటుంది. ఇది ఇంటి రౌటర్ మీదుగా నడుస్తుంది. ఆపిల్ వాళ్ళది ఎయిర్‌ప్లే, అది వేరే దారి.

షాపువాళ్ళు కొనమన్న డాంగిల్ ప్యాకెట్ ఫోటో చూపిస్తే అది మిరాకాస్ట్‌దే. నా డెస్క్‌టాప్‌కు వైఫైయే లేదు, దాన్ని టీవీ వెనక పెట్టి అగరుబత్తి వెలిగించుకోవాలి.

వాడి బ్యాగులో ల్యాప్‌టాప్ ఉంది. అందులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో డ్రైవర్స్' అని కొట్టాడు. కింద వచ్చిన వరుసల్లో 'వైర్‌లెస్ డిస్‌ప్లే సపోర్టెడ్' అన్నచోట 'యెస్' అని ఉంది. అంటే ల్యాప్‌టాప్ వైపు నుంచి మిరాకాస్ట్‌కు అడ్డు లేదు. అయినా జాబితాలో మా టీవీ పేరు రాలేదు. టీవీ సెట్టింగులన్నీ వెతికాం. స్క్రీన్ మిర్రరింగ్, స్క్రీన్ షేర్, వైర్‌లెస్ డిస్‌ప్లే, ఈ పేర్లలో ఏదీ లేదు. మా సెట్‌లో కాస్ట్ ఒక్కటే ఉంది. గూగుల్ టీవీ సాఫ్ట్‌వేర్ ఉన్నంత మాత్రాన మిరాకాస్ట్ ఉంటుందని లేదు, అది పెట్టాలా వద్దా అన్నది టీవీ తయారు చేసేవాళ్ళ ఇష్టం.

ఇది నాకు చెడ్డ వార్తగా మొదలై మంచి వార్త అయింది. కాస్ట్ రౌటర్ మీదుగా పోతుంది కాబట్టి, కంప్యూటర్ రౌటర్‌కు వైఫైతో అంటుకుందా ల్యాన్ వైరుతో అంటుకుందా అన్నది దానికి అక్కర్లేదు. నా డెస్క్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, కుడిపక్క పైన మూడు చుక్కలు నొక్కి, 'కాస్ట్, సేవ్ అండ్ షేర్'లో 'కాస్ట్' నొక్కాం. ఎక్కడా ఏ డ్రైవరూ ఎక్కించలేదు, పైసా ఖర్చు పెట్టలేదు.

కానీ జాబితా ఖాళీ. ఏ పరికరమూ దొరకలేదంటోంది.

ఇక్కడ చాలాసేపు పోయింది. టీవీ ఆపి పెట్టడం, రౌటర్ ఆపి పెట్టడం, క్రోమ్ అప్‌డేట్ చేయడం, అన్నీ అయ్యాయి. చివరికి టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్ తెరిచి చూస్తే అది మా రౌటర్‌లోనే గెస్ట్ పేరుతో ఉన్న వైఫైకి ఎక్కి ఉంది. టీవీ బిగించడానికి వచ్చిన అబ్బాయికి ఆ పాస్‌వర్డ్ చిన్నదని చెప్పినట్టున్నారు ఇంట్లో. గెస్ట్ వైఫై ఉన్నదే చుట్టాలకు నెట్ ఇచ్చి, ఇంటి పరికరాలను వాళ్ళకు కనబడకుండా దాచడానికి. యూట్యూబ్ బ్రహ్మాండంగా వస్తుంది, పక్క గదిలో కంప్యూటర్‌కు మాత్రం ఆ టీవీ ఉన్నట్టే తెలియదు. టీవీని అసలు వైఫైకి మార్చి, క్రోమ్‌లో మళ్ళీ చూస్తే టీవీ పేరు వచ్చేసింది. గెస్ట్ పేరులో ఈ తంటా మీ ఇంట్లో లేకున్నా, కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, అది కూడా ఇదే పని చేస్తుంది. హాస్టళ్ళలో, ఆఫీసుల్లో కాస్ట్ నడవకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

కాస్ట్ కిటికీలో 'సోర్సెస్' అని ఉంటుంది. అందులో ఒక ట్యాబ్ మాత్రం పంపవచ్చు, మొత్తం తెరైనా పంపవచ్చు. నేను ట్యాబ్ మాత్రమే పంపుతాను. మొత్తం తెర పంపితే కింద మూలన వచ్చే వాట్సాప్ మెసేజ్ కూడా 43 అంగుళాల మీదికి పోతుంది. ఒక పార్టీకి చెప్పిన రేటు ఇంకో పార్టీ చూస్తే నా వ్యాపారం ఏం కాను? డిజైన్‌ను బొమ్మగా సేవ్ చేసి, ఆ ఫైల్‌ను లాగి క్రోమ్‌లో పడేస్తే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. అంతే.

మొదటిసారి బొమ్మ వచ్చినప్పుడు ముక్కలు ముక్కలుగా, మసకగా వచ్చి, కాసేపటికి తేటపడింది. జూమ్ చేసినా, పక్కకు జరిపినా మళ్ళీ అదే. మౌస్ కదిపితే టీవీలో అర సెకనుకో సెకనుకో కదులుతుంది, కాబట్టి టీవీ చూస్తూ మౌస్ నడపాలనుకోవద్దు, మానిటర్ చూసే నడపాలి. మా రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాల మీద, రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. మసక తగ్గడానికి పనికొచ్చింది ఒక్కటే, టీవీని 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం. మా వాడలో ఇళ్ళు ఆనుకుని ఉంటాయి, అందరి వైఫైలూ 2.4లోనే కొట్టుకుంటున్నాయి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటి ఎక్కువ దూరం పోదు. మా పాత గోడలు మందం, అందుకని రౌటర్‌ను వెనక గది మూల నుంచి తలుపు పక్కకు తెచ్చాం.

అప్పుడు బాపును పిలిచాను. ఆయన తెర ముందు నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. 'గిది మన ఎరుపు కాదురా. నూలు గింత మెరుస్తదా?' అన్నాడు.

నిజమే. నా మానిటర్ మీద ఇటుక రంగుకు దగ్గరగా ఉన్న ఎరుపు టీవీలో ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది. కాస్టింగ్ వల్ల పాడైందనుకుని దాని వెంట పడ్డాం గానీ, తప్పు టీవీ బొమ్మ సెట్టింగ్‌ది. దుకాణంలో పది టీవీల మధ్య తళతళలాడాలని చాలా సెట్లను 'వివిడ్' లాంటి మోడ్‌లో పెడతారు. రంగులు పెంచుతుంది, తెలుపులో నీలం కలుపుతుంది. దాన్ని 'సినిమా' మోడ్‌కు మార్చి, కలర్ టెంపరేచర్‌ను 'వార్మ్' చేసి, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేసి, షార్ప్‌నెస్ బాగా తగ్గించాం. తెర మొదట పసుపుగా, డల్‌గా కనిపిస్తుంది, కంటికి అలవాటు కావాలి. బాపు లోపలికి వెళ్ళి అద్దిన నూలు చిలప ఒకటి తెచ్చి తెర పక్కన పట్టాడు. ఇంకా కొంచెం తేడా ఉంది, కానీ ఇది మా ఎరుపే అని చెప్పుకునేంత దగ్గరికి వచ్చింది.

ఇంకొకటి మాత్రం ఏ సెట్టింగ్‌తోనూ పోలేదు. మా అంచు డిజైన్‌లో నలుపు మీద సన్నని ఎర్ర చారలు పక్కపక్కనే ఉంటాయి. టీవీ మీద అవి అంచులు కలిసిపోయి మురికిగా కనిపిస్తాయి. దానికి కారణం ఉంది. గాలిలో పంపే బొమ్మను వీడియోలాగా కుదిస్తారు. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంతగా రంగులో తేడాను పట్టదు కాబట్టి, వెలుగు వివరం తెర మీది ప్రతి చుక్కకూ (పిక్సెల్‌కూ) ఉంచి, రంగు వివరం నాలుగు చుక్కలకు ఒక్కటే ఉంచుతారు. దీన్నే 4:2:0 అంటారు. సినిమాకు, ఫోటోకు ఇది ఎవరికీ తెలియదు. ఒకటి రెండు చుక్కల వెడల్పు ఎర్ర చారకు మాత్రం తెలిసిపోతుంది. అందుకే మొత్తం జంపఖానా ఒకసారి చూపించి, అంచును పెద్దది చేసి వేరే ట్యాబ్‌లో పెట్టుకుంటాను. చార వెడల్పుగా ఉంటే రంగు నిలబడుతుంది.

పోల్చి చూద్దామని ఒక రాత్రి అమ్మ పడుకున్నాక అరువు తెచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా పెట్టి చూశాను. చారలు బాగా విడిగా వచ్చాయి, మౌస్ ఆలస్యం లేదు. కానీ జంపఖానా నాలుగు వైపులా అంచు తెగిపోయింది! పాతకాలం టీవీల అలవాటు ప్రకారం టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి చివరలు తెర బయటికి నెట్టేస్తుంది, ఓవర్‌స్కాన్ అంటారు. పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్' పెడితే పోయింది, కొన్ని టీవీల్లో దాని పేరు 'స్క్రీన్ ఫిట్'. రంగు, సన్న గీత ముఖ్యమైతే కేబుల్‌ను మించింది లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

కరీంనగర్‌లో అక్క వాళ్ళ టీవీ వేరే రకం. దాంట్లో స్క్రీన్ మిర్రరింగ్ ఉంది. మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో విండోస్ బటన్, కె నొక్కగానే పేరు వచ్చింది, టీవీ 'అనుమతించాలా' అని అడిగింది, రిమోట్‌తో ఓకే కొడితే అయిపోయింది. ఆ రోజు వాళ్ళింట్లో నెట్ కూడా లేదు. అక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, విండోస్ బటన్, పి నొక్కి 'ఎక్స్‌టెండ్' పెడితే టీవీ రెండో మానిటర్ అవుతుంది. గీసే పనిముట్లు, రేట్ల షీటు ల్యాప్‌టాప్‌లో ఉంచుకుని, డిజైన్ ఒక్కటే టీవీ మీదికి జరపవచ్చు. కొత్తగా టీవీ కొనేవాళ్ళు ఎవరైనా అడిగితే, షాపులోనే సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఈ రెండు బటన్లు నొక్కి చూసుకోమంటున్నాను.

బాపుకు మాత్రం ఇందులో నచ్చింది యూట్యూబ్. ఫోన్‌లోంచో కంప్యూటర్‌లోంచో యూట్యూబ్‌లోని కాస్ట్ గుర్తు నొక్కితే, అది మన తెరను పంపదు. ఫలానా వీడియో ఆడించు అని టీవీకి చెప్పి ఊరుకుంటుంది, టీవీయే నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. అందుకే బొమ్మ తేటగా ఉంటుంది, కంప్యూటర్ ఆపేసినా ఆగదు. నా డిజైన్ల బాధలేవీ దానికి లేవు.

గెస్ట్ వైఫైని తీసేయలేదు. వచ్చిన పార్టీలు పాస్‌వర్డ్ అడిగితే అదే ఇస్తాను, లేకపోతే వాళ్ళ పిల్లలు ఫోన్‌లోంచి మా టీవీకి కార్టూన్లు కాస్ట్ చేస్తారు. ఇప్పటికీ మిగిలిన చికాకు ఒకటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ ఒక్కోసారి తనంతట తానే పాత 2.4 వైఫైకి ఎక్కేది, చారలు మసకబారేదాకా మాకు తెలిసేది కాదు. టీవీ సెట్టింగ్‌లో ఆ పేరు మీద 'ఫర్‌గెట్' కొట్టి, గెస్ట్ పేరు మీద కూడా కొట్టాను. ఇప్పుడు దానికి ఎక్కడానికి 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంది. అది దొరకకపోతే అసలు నెట్టే రాదు, బాపు వెంటనే కేకేస్తాడు.