గోడమీది అమ్మ ముఖం

దూరం నుంచి వాల్‌పేపర్ డిజైన్ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఒకే స్త్రీ ముఖం, మళ్లీ మళ్లీ.

అమెరికాలోని బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో, నైజీరియాలో పుట్టిన చిత్రకారిణి ఎన్జిడెకా అకున్యిలి క్రాస్బీ 2017లో వేసిన చిత్రం ఇది. ఆ ముఖం వాళ్లమ్మ డోరా అకున్యిలిది. నైజీరియాలో నకిలీ మందుల మాఫియాతో తలపడిన అధికారి. ఆవిడ సొంత చెల్లెలే నకిలీ ఇన్సులిన్ వల్ల చనిపోయింది. డోరా 2014లో పోయారు. అక్కడ ఎన్నికలకీ, అంత్యక్రియలకీ మనిషి ముఖాన్ని బట్టమీద అచ్చు వేయించుకుంటారు. కూతురు ఆ బట్టనే చిత్రంలోకి తెచ్చింది.

ఇంటి ఫొటోలు, పత్రికల బొమ్మలు ప్రింట్ తీసి, ద్రావకంతో రుద్ది, సిరాని కాగితంమీదకి దింపుతుందట. అందుకే అవి కొంచెం మసకగా ఉంటాయి. నాకు ఆ మసకే ఎక్కువ నచ్చింది. జ్ఞాపకం అలాగే కదా ఉండేది.

కానీ ఒంటిరంగు దగ్గర మసక లేదు. కూర్చున్న స్త్రీ చర్మం నిండు గోధుమ నలుపు. దాన్ని తెల్లబరిచే ప్రయత్నమే లేదు.

మా నాన్నమ్మ పోయాక ఫొటో పెద్దది చేయించాం. స్టూడియోలో అడక్కుండానే ఒంటిరంగు తెల్లబరిచి ఇచ్చారు. అందరూ బాగుందన్నారు, దండ వేశాం. ఆవిడ నల్లగా ఉండేది. చాలా అందంగా ఉండేది. ఇప్పుడు మా పిల్లలకి తెలిసిన నాన్నమ్మ వేరే మనిషి.

పాత రేషన్ కార్డులో ఆవిడ అసలు ఫొటో ఉండాలి. పిన్నికి మెసేజ్ పెట్టాను, వెతకమని.