చీటీల లెక్క దగ్గర ఆగిన పిల్ల

ఆదివారం. పెద్ద పనులేం లేవు, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, సాయంత్రానికి సర్వపిండి కలపడం, అంతే. కానీ పొద్దంతా ఒక పుస్తకం చుట్టూనే గడిచింది. మా అక్క బిడ్డ ఇంటర్ చదువు కోసం హనుమకొండలో మా దగ్గరే ఉంటోంది. వాళ్ళది భూపాలపల్లి, బావ సింగరేణిలో బాయి పని. సుజాన్ కాలిన్స్ రాసిన ‘ద హంగర్ గేమ్స్’ ఎవరో స్నేహితురాలి దగ్గర తెచ్చుకుంది. 2008లో వచ్చిన నవల, నేను ఎప్పుడో చదివిందే. అందులో క్యాపిటల్ అనే రాజధాని ఏటా పన్నెండు జిల్లాల నుంచి చీటీలు తీసి, ఒక్కో అబ్బాయిని, ఒక్కో అమ్మాయిని రప్పించి, ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆట ఆడిస్తుంది. పన్నెండో జిల్లాలో చెల్లెలు ప్రిమ్ పేరు వస్తే, ఆమె బదులు అక్క కాట్నిస్ వెళ్తుంది. వాళ్ళ క్లాసులో చదివినవాళ్ళంతా, కాట్నిస్‌ను ఇష్టపడే ఇద్దరబ్బాయిల్లో పీటా వైపు కొందరు, గేల్ వైపు కొందరు అయిపోయారట. ఆ గొడవ నాకు అప్పుడూ పట్టలేదు, ఇప్పుడూ పట్టలేదు.

మా పిల్ల మాత్రం మొదటి అధ్యాయంలోనే ఆగిపోయి, రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో పెన్సిల్‌తో లెక్క వేస్తూ కూర్చుంది. పన్నెండేళ్ళు రాగానే పేరు మీద ఒక చీటీ, ఆ తర్వాత ఏటా ఒకటి కలుస్తుంది. ఇంట్లో తిండికి లేకపోతే అదనంగా చీటీలు వేయించుకోవచ్చు, ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాది పాటు చాలీచాలని గింజలు, నూనె ఇస్తారు. కాట్నిస్ తనకు, తల్లికి, చెల్లికి అని ఏటా మూడు వేయించుకుంటుంది. అంటే ఏడాదికి నాలుగు, పదహారేళ్ళు వచ్చేసరికి 20. గేల్ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, అతనివి 42. ఇరవై కింద రెండు గీతలు గీసి, "చిన్నమ్మా, మేయర్ బిడ్డకు అయిదే చీటీలు, ఈమెకేమో ఇరవై. మరి డ్రా అందరికీ సమానమని ఎట్లంటరు?" అని అడిగింది. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా దాటేసి ఆట ఎప్పుడు మొదలవుతుందా అని పరుగెత్తిన గుర్తు.

పక్కన ఈనెలు తీస్తున్న అత్తమ్మ అంతా వింటోంది. "ఎన్ని కిలోలు ఇస్తరట?" అన్నది ముందు. కిలోల లెక్క పుస్తకంలో లేదన్నాను. ఇక్కడ రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తున్నాయి, అత్తమ్మ మనసులో ఆ కొలతే ఉంటుంది, ఆ కొలతతోనే వాళ్ళ బతుకు అంచనా వేయాలనుకుంది. కాసేపాగి, "ఇది బకాసురుని కథ గదా బిడ్డా" అన్నది. నిజమే. ఏకచక్రపురంలో ఇంటికో మనిషి వంతు, బండెడు అన్నం, రెండు దున్నపోతులు. కాలిన్స్ తనకు స్ఫూర్తి గ్రీకుల థీసియస్ కథ అని చెప్పింది, అందులో ఏథెన్స్ వాళ్ళు ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని మినోటార్ అనే రాక్షసుడికి పంపుతారు. అత్తమ్మకు గ్రీసుతో పని పడలేదు. పైగా నాకు ఎప్పుడూ తట్టని మాట ఒకటి అన్నది: "కుంతి కొడుకు బలం ఎరిగి పంపింది. ఈ పిల్ల ఏం ధైర్యం మీద చెల్లె బదులు పోయింది?" దానికి పిల్లా నేనూ ఇద్దరం గబగబా చెప్పబోయాం, విల్లు వచ్చని, వేటాడి ఇల్లు నడుపుతుందని. కానీ ప్రిమ్ పేరు పిలిచిన ఆ క్షణాన కాట్నిస్ అవేవీ లెక్క చూసుకోలేదు కదా.

మధ్యాహ్నం పై ఇంటి టీచరమ్మ కరివేపాకు కోసం వచ్చి, అట్ట తిప్పి చూసి, పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ పిల్లలకెందుకమ్మా అన్నారు. ఆమెను తప్పుపట్టను, అమెరికాలోనూ చాలామంది అదే అన్నారు. లైబ్రరీల్లోంచి తీసేయమని ఎక్కువగా ఫిర్యాదులొచ్చిన పుస్తకాల జాబితాల్లో 2010లో, 2011లో ఇది ఉంది. ఇరవై నలుగురు వెళ్ళి ఒక్కరే మిగలాలనే ఆట కథ, మెత్తగా ఎలా ఉంటుంది? కానీ ఆ చావుల్ని చూసి సంబరపడేది క్యాపిటల్ జనం, చదివే పిల్ల కాదు. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. 2012లో సినిమా వచ్చినప్పుడు, ఆటలో కాట్నిస్‌కు తోడైన పదకొండో జిల్లా చిన్నపిల్ల రూ పాత్రకు నల్లజాతి అమ్మాయిని పెట్టారని కొంతమంది పాఠకులు కోపంగా రాశారు. ఆ పిల్లది ముదురు గోధుమరంగు చర్మం అని పుస్తకంలో స్పష్టంగా ఉంది, చదివి కూడా కళ్ళకు ఆనలేదన్నమాట. రూ పోయాక పదకొండో జిల్లా వాళ్ళు, అందరికీ పంట పండించి తాము పస్తులుండేవాళ్ళు, పైసా పైసా పోగేసి వేరే జిల్లా అమ్మాయి అయిన కాట్నిస్‌కు రొట్టె పంపిస్తారు. నల్లటి గింజల పిండితో నెలవంకలా చేసి, మీద విత్తనాలు చల్లిన రొట్టె. నాకు ఆ నవలలో అంతకంటే గొప్ప చోటు లేదు. టీచరమ్మకు ఆ రెండు పేజీలు తెలుగులో చెప్పాను. కరివేపాకు చేతిలోనే పట్టుకుని చివరిదాకా విన్నారు, ఒప్పుకోలేదు గానీ మొదటి అధ్యాయం చదువుతానన్నారు.

రాత్రి బావ ఫోన్ చేస్తే పిల్ల స్పీకర్ పెట్టి కథ చెప్పింది. పన్నెండో జిల్లా బొగ్గు గనుల జిల్లా అనేసరికి బావ గొంతు మారింది. కాట్నిస్ తండ్రి గనిలో పేలుడుకు చనిపోతాడు, అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. ఒక నెల దుఃఖానికి సరిపడా కొద్దిగా డబ్బిచ్చి, ఆ తర్వాత తల్లి పని వెతుక్కోవాలంటారు. బావ విల్లు గురించి అడగలేదు, ఆట గురించి అడగలేదు. "నెలనా? మరి డిపెండెంట్ నౌకరి? ఆడ యూనియన్ లేదా?" అన్నాడు. లేదు బాపూ, చుట్టూ కరెంటు కంచె ఉంది అన్నది పిల్ల. "కంచె వేస్తే ఊకుంటరా" అని ఆయన, రెండో పుస్తకంలో ఊరుకోరని నేను, అయితే అది కూడా తెప్పించమని పిల్ల. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి, అన్నం తినకుండా అరగంట మాట్లాడాడు.