పిల్లల హాకీ ఎంపికలు, జవాబు చెప్పని గౌరవ పదవులు

పిల్లల హాకీ జట్టు ఎంపికల గురించి మన నగరంలో తల్లిదండ్రులు చెప్పుకునే బాధలన్నీ మైదానం గేటు బయటే ఆగిపోతాయి. లోపలికి వెళ్లి అడిగేవారు చాలా తక్కువ. అడిగితే పిల్ల పేరు గుర్తుపెట్టుకుంటారేమో, వచ్చే ఏడాది కూడా పక్కన పెడతారేమో అన్న భయం అందరిలోనూ ఉంటుంది. మా అమ్మాయి సబ్ జూనియర్ విభాగంలో డిఫెండర్‌గా ఆడుతోంది. ఈ ఏడాది ఎంపికైనవారి జాబితాలో ఆమె పేరు రాలేదు. ఆమెను తీసుకుని ఉండవలసిందని వాదించడానికి నేను ఇది రాయడం లేదు, ఆమెకంటే బాగా ఆడిన పిల్లలు ఆ రోజు ఉన్నారని నా కళ్లతో చూశాను. ఆమె ఆటలో ఏది తగ్గిందో చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడం, అలా చెప్పడం తమ బాధ్యతేనని ఎంపికలు జరిపే జిల్లా హాకీ సంఘంలో ఎవరూ అనుకోకపోవడం నన్ను కలచివేస్తున్నాయి.

హైదరాబాద్‌కు హాకీ కొత్త కాదు. మూడు ఒలింపిక్స్‌లో భారత జట్టుకు ఆడిన ముకేశ్ కుమార్ ఈ నగరం బిడ్డ. 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు ఇక్కడే జరిగాయి, 2005లో మొదలైన ప్రీమియర్ హాకీ లీగ్ తొలి టైటిల్‌ను హైదరాబాద్ సుల్తాన్స్ గెలుచుకుంది. టోక్యోలో, ఆ తరువాత 2024లో పారిస్‌లో పురుషుల జట్టు కాంస్య పతకాలు తెచ్చాక, టోక్యోలో అమ్మాయిలు నాలుగో స్థానం దాకా వెళ్లాక, స్టిక్కు పట్టుకుని వచ్చే పిల్లల సంఖ్య మా మైదానంలోనే కంటికి కనిపించేంతగా పెరిగింది. 2025 ఫిబ్రవరిలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఆడినప్పుడు ఆ మ్యాచ్ జరిగింది రూర్కెలాలో, మా పిల్లలు దాన్ని టీవీలోనే చూశారు. అయినా ప్రతి గోల్‌కూ వాళ్లు ఎగిరి గంతులేసిన తీరు చూస్తే ఈ ఆట మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తుంది. పిల్లలు మారారు, సంఖ్య మారింది. వాళ్లను ఎంచుకునే పద్ధతి మాత్రం నలుగురు పెద్దలు గట్టున కూర్చుని పేర్లు టిక్కు పెట్టుకునే దగ్గరే ఉండిపోయింది.

ఈ సంఘాలు ఎలా నడుస్తాయో తెలియని తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సాధారణంగా ఇవి సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థలు. అధ్యక్షుడు, గౌరవ కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గ సభ్యులు ఉంటారు, వీరిలో ఎవరికీ జీతం ఉండదు. జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి, రాష్ట్ర సంఘం జాతీయ సమాఖ్య అయిన హాకీ ఇండియాకు అనుబంధంగా ఉంటుంది. జిల్లా సంఘంలో ఓటు ఉండేది ప్రధానంగా క్లబ్బులకు. ఎంట్రీ ఫీజు కట్టేది, పిల్లను తీసుకువచ్చేది, కిట్టు కొనేది తల్లిదండ్రులే అయినా వారు సభ్యులు కారు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంలోని 23వ సెక్షన్ సభ్యుల మధ్య, కార్యవర్గం మధ్య వచ్చే వివాదాలకు జిల్లా కోర్టు దాకా దారి చూపిస్తుంది గాని, సభ్యులే కాని మాకు అందులో చోటు లేదు. అంటే, సంఘం తీసుకునే ప్రతి నిర్ణయం మా పిల్లల మీద పడుతుంది, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే స్థానం మాత్రం సంఘం కాగితాలలో ఎక్కడా మాకు లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ పదవులలో ఉన్నవారిలో ఎక్కువమంది ఆట మీద మమకారంతో పనిచేసేవారే. ఉద్యోగం నుంచి రిటైరై, తెల్లవారుజామునే వచ్చి సున్నం గీతలు వేయించి, పిల్లలందరికీ రైలు టికెట్లు తీయించి, దొరకని బెర్తుల కోసం స్టేషన్ చుట్టూ తిరిగి, పోటీలు జరిగే ఊళ్లో బస బాగా లేకపోతే తమ జేబులోంచి డబ్బు పెట్టి మార్పించిన పెద్దలను నేను చూశాను. జాతీయ పోటీలకు వెళ్లిన ఆడపిల్లలకు తోడుగా వచ్చిన ఒక మేడమ్, జ్వరం వచ్చిన పిల్ల పక్కన రాత్రంతా కూర్చున్నారని ఆ పిల్ల తల్లే నాకు చెప్పింది. వీళ్లు లేకపోతే మన జిల్లాలలో హాకీ ఉండదు. ఈ కృతజ్ఞత నాకు నిండుగా ఉంది కాబట్టే మిగిలిన మాటలు కూడా దాచకుండా చెప్పగలుగుతున్నాను.

ట్రయల్స్ రోజు ఏం జరుగుతుందో చూడండి. ముందు రోజు సాయంత్రం వాట్సాప్‌లో సమాచారం వస్తుంది. పొద్దున ఆరున్నరకల్లా జనన ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలతో గచ్చిబౌలిలోని టర్ఫ్ (కృత్రిమ గడ్డి పరిచిన మైదానం) దగ్గర ఉండాలి. కోచ్ గ్రూపులో ఉన్నవారికి తెలుస్తుంది, లేనివారికి ట్రయల్స్ అయిపోయాక తెలుస్తుంది. మల్కాజిగిరి, ఉప్పల్ వైపు ఉన్నవారికి గచ్చిబౌలి అంటే నగరానికి ఆ చివర. మెట్రో రాయదుర్గం దాకానే వెళుతుంది, అక్కడి నుంచి ఆటో వెతుక్కోవాలి. పిల్ల నిద్ర, అల్పాహారం రెండూ దారిలోనే పోతాయి.

ఇక ఆట సంగతి. మా పిల్లలలో చాలామంది మట్టి మైదానాలలో నేర్చుకుంటున్నవారే. మట్టి మీద బంతి ఎగురుతుంది, వేగం తగ్గుతుంది, ఏ వైపు తిరుగుతుందో ముందుగా తెలియదు. తడిపిన టర్ఫ్ మీద అదే బంతి జారినట్టు దూసుకువస్తుంది. అక్కడ స్టిక్కును దాదాపు నేలకు పరిచి ట్రాప్ చేయాలి, అంటే బంతిని ఆపి అదుపులోకి తీసుకోవాలి, పాస్ ఇవ్వడానికి దొరికే సమయం సగానికి తగ్గుతుంది. రోజూ టర్ఫ్ మీద ఆడే అకాడమీ పిల్లలకు అది అలవాటైన విషయం. నెలకు ఒకసారైనా టర్ఫ్ దొరకని పిల్ల మొదటి పది నిమిషాలు బంతి వేగాన్ని అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. కాని ఆమెకు దొరికేదే ఆ పది నిమిషాలు. అంతమంది పిల్లలను రెండు గంటలలో చూసేయాలి కాబట్టి ఒక్కసారి కూడా కలిసి ఆడని పదకొండు మందిని ఒక వైపు, మరో పదకొండు మందిని ఇంకో వైపు నిలబెట్టి ఈల ఊదుతారు. తాను కనిపించాలని ప్రతి పిల్లా బంతి వెనకే పరుగెత్తుతుంది. పాస్ ఇచ్చినవారు ఎవరి దృష్టిలోనూ పడరు, ముగ్గురిని డ్రిబుల్ చేసి నాలుగోవారి దగ్గర బంతి పోగొట్టుకున్నవారు అందరికీ గుర్తుంటారు.

డిఫెండర్ పని మరీ కష్టం. మంచి డిఫెండర్ ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడుతుంది కాబట్టి బంతి ఆమె వైపు రాదు. ఎదుటి ఫార్వర్డ్‌ను గోల్ ముందుండే సర్కిల్ బయటికి, సైడ్‌లైన్ వైపు నెట్టుకుంటూ పోయి, స్టిక్కు తగిలించకుండానే దాడిని చల్లార్చడం ఆమె నేర్పు. గట్టున కూర్చుని చూసేవారికి అది ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. గోల్‌కీపర్ల పరిస్థితి ఇంకా దారుణం. వేలకు వేలు పోసి కొన్న ప్యాడ్లు, హెల్మెట్ తొడుక్కుని నిలబడితే, తమ వైపు ఆట రాకుండానే సమయం అయిపోయిన పిల్లలు ఉన్నారు. ఒక్క పెనాల్టీ కార్నర్ (డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దొరికే గోల్ అవకాశం) అయినా ఎదుర్కోని గోల్‌కీపర్‌ను ఏ ఆధారంతో తీసుకున్నారో, ఏ ఆధారంతో వద్దన్నారో నాకు నిజంగా అర్థం కాలేదు.

వయసు లెక్క మరో సమస్య. వయో విభాగానికి జనవరి 1ని గీతగా పెడతారు. మా అమ్మాయి నవంబరులో పుట్టింది. అదే ఏడాది జనవరిలో పుట్టిన పిల్లకూ ఆమెకూ దాదాపు ఏడాది తేడా, పదమూడేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులో, బలంలో, పరుగులో స్పష్టంగా తెలుస్తుంది. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లోనే ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలించి, ఏడాది మొదటి నెలలలో పుట్టినవారు జట్లలో చాలా ఎక్కువగా ఉన్నారని చూపించారు. అక్కడా గీత జనవరి 1నే. ముందు ఎదిగిన పిల్లను ప్రతిభావంతురాలిగా ఎంచుకుంటారు, ఎంచుకున్నందువల్ల ఆమెకు మంచి శిక్షణ దొరుకుతుంది, ఆ శిక్షణతో ఆమె నిజంగానే మెరుగవుతుంది. మన దగ్గర దీనికి తోడు వయసు దాచడం అనే జబ్బు కూడా ఉంది. దాని కోసమే కేంద్రం 2010లో ఒక నియమావళి తెచ్చింది, మణికట్టు ఎక్స్‌రే ద్వారా ఎముకల వయసు లెక్కించే టీడబ్ల్యూ3 పరీక్ష వాడుకలో ఉంది. మేము వెళ్లిన ట్రయల్స్‌లో మాత్రం జనన ధ్రువపత్రం జిరాక్స్ చూసి పక్కన పెట్టడం తప్ప ఇంకే పరిశీలనా జరగలేదు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం పుట్టించే విషయం, సెలెక్టర్లుగా కూర్చున్నవారిలో కొందరు అదే పిల్లలకు నెలవారీ ఫీజు తీసుకుని కోచింగ్ ఇచ్చేవారు కావడం. వాళ్లు పక్షపాతం చూపించారని నేను అనడం లేదు. ఎంతో నిజాయతీగా ఎంపిక చేసి ఉండవచ్చు. అయినా తన దగ్గర నేర్చుకునే పిల్ల ఆడుతున్నప్పుడు ఆ కోచ్ కాసేపు పక్కకు జరిగితే ఆ ఎంపిక మీద మచ్చ పడదు కదా. జాబితా బయటికి వచ్చాక దానిలో ఏ అకాడమీ పిల్లలు ఎంతమంది ఉన్నారని గేటు బయట లెక్కలు వేసుకునే దుస్థితి ఆ ఎంపికైన పిల్లలకూ అవమానమే. వాళ్లు కష్టపడి సంపాదించుకున్న స్థానాన్ని కూడా మనం శంకిస్తున్నాం.

నేను ఒక బాధ్యుడిని కలిసి, "సార్, మా పాప ఏ విషయంలో వెనకబడిందో చెబితే అది సరిచేసుకుంటుంది" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "అమ్మా, మేమేమన్నా జీతాలు తీసుకుంటున్నామా? మా పనులు మానుకుని వచ్చి చేస్తున్నాం. ఒక్కొక్కరికీ ఇలా చెప్పుకుంటూ కూర్చుంటే అవుతుందా?" అన్నారు. ఆయన అలసట నిజమే. కాని ఆ జవాబును నేను అంగీకరించలేను. జీతం లేకపోవడం ఆయన చేసిన త్యాగానికి గుర్తు, దాని విలువ ఆయనకే చెందుతుంది. పిల్ల భవిష్యత్తు మీద నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం జీతంతో సంబంధం లేకుండా ఆయన చేతిలో ఉంది. అధికారం ఉన్నచోట కారణం చెప్పే బాధ్యత కూడా ఉండాలి. సమయం లేదన్న మాట కూడా నిలవదు. ట్రయల్స్‌లోనే ఒక కాగితం మీద ట్రాపింగ్, పాసింగ్, టాక్లింగ్, పరుగు, ఆటపై అవగాహన అని గడులు గీసుకుని మార్కులు వేస్తే, ఆ కాగితమే జవాబు చెబుతుంది.

ఇలాంటి పద్ధతి మన దగ్గర లేనిదేమీ కాదు. నగరం శివారులోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశాలకు ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలుచున్నచోటు నుంచి దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి తొమ్మిది అంశాలకు కలిపి 27 మార్కులు పెడతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడి తండ్రి కూడా తన కొడుకు ఎక్కడ తగ్గాడో తెలుసుకుని ఇంటికి వెళతాడు. హాకీ అంతా కొలతలకు లొంగదని నాకు తెలుసు, డిఫెండర్ గురించి నేను పైన రాసిందే అందుకు సాక్ష్యం. అందుకే కొలవగలిగినది కొలిచి, కొలవలేనిదాన్ని ముగ్గురు సెలెక్టర్లు విడివిడిగా రాసి సంతకం పెట్టాలంటున్నాను.

"ఆటే కదా, ఇంత రభస ఎందుకు" అని బంధువులు అడుగుతారు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు 2 శాతం, ఈఏపీసెట్ ప్రవేశాలలో అర శాతం కోటా ఉన్నాయి. ఏ స్థాయి పోటీలో ఆడారన్నదాన్ని బట్టి ప్రాధాన్యం నిర్ణయిస్తారు. పేద ఇంటి పిల్లకు ఆ జాబితాలో పేరు ఒక చదువుకు, ఒక ఉద్యోగానికి తలుపు. అంత విలువైనదాన్ని వాట్సాప్ సందేశంతో మొదలుపెట్టి గేటుకు అంటించిన కాగితంతో ముగించడం అన్యాయం.

పై స్థాయిలోనూ ఎంపికల వ్యవహారం ఎంత నష్టం చేస్తుందో హాకీకి అనుభవమే. భారత జట్టు బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయిన 2008లోనే, ఒక ఆటగాడిని తీసుకోవడానికి డబ్బు అడిగారన్న ఆరోపణ టీవీలో బయటపడి అప్పటి జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేశారు. దాని స్థానంలో వచ్చిన హాకీ ఇండియాను కూడా 2022లో ఢిల్లీ హైకోర్టు కొంతకాలం పాలకుల కమిటీ చేతిలో పెట్టవలసి వచ్చింది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సమాఖ్యల కార్యవర్గాలలో మహిళలకు, పేరున్న క్రీడాకారులకు చోటు తప్పనిసరి చేసింది, వివాదాలకు ట్రిబ్యునల్ పెట్టింది. మంచి చట్టమనే నా అభిప్రాయం. కాని పదమూడేళ్ల పిల్ల గురించి ఢిల్లీలోని ట్రిబ్యునల్‌కు ఎవరు వెళతారు? ఆమెకు కావలసిన న్యాయం జిల్లా మైదానంలో, ఆ వారంలోనే దొరకాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పక తప్పదు. ఎమ్మెల్యే చేత ఫోన్ చేయించేవారు, సెలెక్టర్ ఇంటికి స్వీట్ల పెట్టెతో వెళ్లేవారు మనలోనే ఉన్నారు. ఒక్క ఫోన్‌తో లోపలికి వచ్చిన ప్రతి పేరూ ఇంకో ఇంటి పిల్లను బయటికి నెడుతుంది. పారదర్శకత అడిగే నోటితోనే సిఫారసు అడిగితే ఆ గౌరవ కార్యదర్శి మన మాటకు ఎందుకు విలువ ఇవ్వాలి?

మేము కొందరం తల్లిదండ్రులం కలిసి సంఘానికి ఒక ఉత్తరం ఇచ్చాం. పేర్లన్నీ కిందా మీదా కాకుండా వృత్తాకారంలో రాశాం, ముందు సంతకం ఎవరిదో తెలియకూడదని. ట్రయల్స్ ప్రకటన వారం ముందు పాఠశాలలకూ క్లబ్బులకూ అందాలని, టర్ఫ్ అలవాటు లేని పిల్లలకు ముందు రోజు ఒక గంట సాధన ఇవ్వాలని, తన శిష్యులు ఆడుతున్నప్పుడు ఆ కోచ్ మార్కులు వేయకూడదని, మార్కుల కాగితం అడిగిన తల్లిదండ్రులకు చూపించాలని, కార్యవర్గ సమావేశాలలో ఓటు లేకపోయినా ఒక తల్లినో తండ్రినో కూర్చోనివ్వాలని కోరాం. బదులుగా గీతలు వేయడం, నీళ్లు, నమోదు, ప్రయాణ ఏర్పాట్లలో మేము వంతులవారీగా పనిచేస్తామని రాసి ఇచ్చాం. వారం ముందు ప్రకటనకు, టర్ఫ్ సాధనకు కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. మార్కుల కాగితం విషయం సర్వసభ్య సమావేశంలో పెడతామన్నారు. క్లబ్బుల తరఫున ఆ సమావేశంలో ఓటు ఉన్నవారితో ఇప్పుడు ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాం.