కండబలం రీసెర్చ్‌లో చేరాను, నాకు కంట్రోల్ గ్రూపు వచ్చింది: నా అనుభవం

మాది చిత్తూరు. హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. వయసు 63, షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. చెకప్‌కి తిరుపతిలో ఒక పెద్దాస్పత్రికి వెళ్తుంటాను. షుగరున్న పెద్దవాళ్ల కండబలం మీద అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది, చేరతారా అని పోయినేడు డాక్టరు గారు అడిగారు. చేరాను, చివరిదాకా ఉన్నాను. ఇలా అడిగితే మనవాళ్లు చాలామంది "మన మీద ప్రయోగాలు చేస్తారేమో" అని భయపడి వచ్చేస్తారు, మా ఇంట్లోనూ మొదట వచ్చిన మాట అదే, అందుకే లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మొదటి ఘట్టం సంతకం. ఓపీ రద్దీలో ఒకతను ఫారం చేతికిచ్చి, చివరి పేజీ తిప్పి "ఇక్కడ పెట్టండమ్మా" అన్నాడు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని ఇస్తానన్నాను. ఎవరూ కాదనలేదు, అనకూడదు కూడా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా స్పష్టంగా ఉంది: మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఆలోచించుకునే టైమివ్వాలి, చదువు రానివాళ్లయితే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట అన్నీ వివరించి వేలిముద్ర తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడు మానేసినా మన మామూలు వైద్యానికి ఏ లోటూ రాకూడదు. మా ఆయన ఫారమంతా చదివి "పరీక్షలో పడి కాలు విరిగితే ఖర్చు ఎవరిది?" అని ఎర్ర పెన్నుతో పక్కన రాశారు. మళ్లీ వెళ్లినప్పుడు అదే అడిగితే పీజీ డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని, పరిశోధన వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఉచితమని, నష్టపరిహారం కూడా ఉంటుందని ఆ పేరా వేలుపెట్టి చూపించింది. కొత్త మందులేవీ లేవు, వ్యాయామం మాత్రమే అని కూడా రూఢి చేసుకున్నాం. ఫారం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్నీ కనిపిస్తాయి. అవి చూశాకే సంతకం పెట్టాను. ఒక కాపీ మనకిస్తారు, ఇవ్వకపోతే అడగాలి.

ఇక పరీక్షలు. తెల్లవారుజామున బస్సెక్కి, ఇడ్లీలు తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని వెళ్లాను, అలాగే రమ్మన్నారు. ముందు బీపీ, ఈసీజీ చూసి పర్వాలేదన్నాక ఫిజియోథెరపిస్టు గదికి పంపారు. కుర్చీలో కూర్చోబెట్టి, మోచెయ్యి వంచి, చేతికి పట్టు బలం కొలిచే ఒక పిడి ఇచ్చి ఊపిరి బిగబట్టకుండా గట్టిగా నొక్కమన్నాడు. 16 కిలోల చిల్లర వచ్చింది. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం ఆడవాళ్లకు 18, మగవాళ్లకు 28 కిలోల కన్నా తక్కువొస్తే పట్టు బలహీనంగా ఉన్నట్టు. రోజూ రోట్లో ఊరిబిండి నూరే చెయ్యి కదా, నాకు నిజంగా బాధేసింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రక్తపరీక్షలు చేయించుకున్నాను, కళ్లు చూపించుకున్నాను, కానీ నా చేతిలో ఎంత బలముందో ఎవరూ కొలవలేదు.

తర్వాత కుర్చీ పరీక్ష. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి, వీలైనంత త్వరగా. నాకు 14 సెకన్లు పట్టింది, 12 దాటితే తక్కువ సామర్థ్యం కిందే లెక్క. వయసు పెరిగేకొద్దీ కండరాల్లో వేగంగా పనిచేసే పోగులు ఎక్కువగా సన్నబడతాయట, ఒక్క ఊపున లేవడం కష్టమయ్యేది అందుకే. ఇలా కొన్ని సెకన్లపాటు గట్టిగా కష్టపడేటప్పుడు కండరానికి వెంటనే శక్తినందించేది ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. క్లాసులో ఎన్నో ఏళ్లు ఆయన గురించి చెప్పాను. ఆ రోజు రొప్పుతూ కుర్చీలో కూర్చుని ఆ కుర్ర ఫిజియోకి కూడా చెప్పాను, అతను శ్రద్ధగా విని "ఇంకోసారి చెప్పండి మేడం" అని పేరు రాసుకున్నాడు. చాలా సంతోషమేసింది.

ఆరు నిమిషాల నడక మాత్రం అనుకున్నంత తేలిక కాదు. 30 మీటర్ల వరండాలో రెండు చివర్లా కోన్లు పెట్టి, ఆ మధ్యలో అటూ ఇటూ నడవమంటారు. పరిగెత్తకూడదు, అలుపొస్తే గోడకి ఆనుకుని నిలబడొచ్చు గానీ గడియారం ఆగదు. మా ఆయన పక్కన నడుస్తానంటే వద్దన్నారు, తోడుంటే వేగం మారిపోతుందట. నిమిషానికోసారి ఫిజియో "బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలుంది" అని అదే గొంతుతో చెప్తాడు, అంతకుమించి ఒక్క మాట ఉత్సాహపరచడు. అందరికీ ఒకే మాట చెప్పాలన్నది నియమం, మాటసాయం ఎక్కువైతే దూరమూ పెరుగుతుంది మరి. ఈ పరీక్షకి మూలం అమెరికా వైమానిక దళంలో డాక్టరుగా పనిచేసిన కెనెత్ కూపర్ 1968లో ప్రచురించిన 12 నిమిషాల పరుగు. జబ్బుపడినవాళ్ల కోసం దాన్ని నడకగా మార్చారు, 1982లో ఆరు నిమిషాలకు తగ్గించారు. నేను 370 మీటర్ల దాకా నడిచాను. ఆయాసం ఎంతుందో సున్నా నుంచి పది వరకు అంకెలున్న కాగితం చూపించి అడిగితే నాలుగన్నాను.

అసలు కష్టం ఆ తర్వాతే. ఎవరికి ఏ గ్రూపో లాటరీలా ముందే తేల్చి సీల్ చేసిన కవరు తెరిచారు, నాకు కంట్రోల్ గ్రూపు వచ్చింది. అంటే పన్నెండు వారాల వ్యాయామం వేరేవాళ్లకి, నాకు ఇప్పుడు జరుగుతున్న మామూలు వైద్యమే. బలం తక్కువుందని చెప్పి, నేర్పకుండా ఇంటికి పంపడమేమిటని అడిగేశాను. డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "ఎవరికి ఏది రావాలో మేము ఎంచితే, హుషారుగా ఉన్నవాళ్లనే వ్యాయామంలో వేస్తామమ్మా, అప్పుడు ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు" అంది. ఇంటికొస్తూ బస్సులో నాకు క్షయ సంగతి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియమే. గాలి, విశ్రాంతి, మంచి తిండి లేకపోతే నయం కాదని గట్టి నమ్మకం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో రోగుల్ని ఇలాగే ఎంపిక లేకుండా రెండుగా విడదీసి, కొందరిని శానటోరియంలో, కొందరిని ఇరుకిళ్లలోనే ఉంచి అవే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంత బాగానూ నయమైందని 1959లో ఫలితాలొచ్చాయి. లక్షలమంది పేదవాళ్లు ఇల్లు వదలకుండా మందులు వాడుకోగలిగారంటే దాని చలవే. ఆ రెండు గుంపుల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మాట చెప్పడానికి ఉండేది కాదు. అది తట్టాక నా మనసు కుదుటపడింది.

కుదుటపడినా ఆ వారాలు గడవడం సులభం కాలేదు. ఓపీలో పరిచయమైన పాకాల ఆవిడకి వ్యాయామం గ్రూపు వచ్చింది, ఫోన్ చేసినప్పుడల్లా "చూపిస్తాను రాక్కా" అనేది. నేను వద్దన్నాను. నేనూ అవే చేస్తే రెండు గ్రూపులకీ తేడా ఏముంటుంది? రోజూ నడిచేంత నడిచాను, తినేదే తిన్నాను, ఇచ్చిన డైరీలో నిజమే రాశాను. కంట్రోల్ గ్రూపులో ఉండటమంటే ఏమీ చెయ్యకపోవడం అనుకుంటారు, అలా ఉండటానికి పట్టుదల కావాలి.

రెండోసారి పరీక్షలకి వేరే ఫిజియో వచ్చింది. లోపలికి రాగానే "మీరు ఏ గ్రూపో నాకు చెప్పకండమ్మా" అంది. తెలిస్తే తనకి తెలియకుండానే స్టాప్‌వాచ్ నొక్కే చెయ్యి తేడా చేస్తుందని. ఇంత జాగ్రత్త చూశాక వాళ్ల మీద గౌరవం పెరిగింది. నా అంకెలు దాదాపు అలాగే ఉన్నాయి. పాకాల ఆవిడకి పెరిగాయట, కానీ ఒక్కరిని చూసి ఏమీ చెప్పలేం. ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. బస్సు చార్జీలు ఇస్తామన్న డబ్బు చాలా ఆలస్యమైంది, వరండాలో కూర్చోవడానికి బెంచీ దొరకడమే కష్టం, ఫోన్ చేస్తే ఒక్కోసారి ఎత్తేవాళ్లు కాదు.

పరిశోధన ముగిశాక మా గ్రూపుకీ వ్యాయామం నేర్పించారు, ఫారంలో రాసిందే. కుర్చీలో లేచి కూర్చోవడం, మడమలెత్తడం, రబ్బరు బెల్టు లాగడం. తిండి సంగతీ మాట్లాడారు. సంగటి, పచ్చిపులుసుతో సరిపెట్టకుండా గుడ్డు, అలసందలు, చెనక్కాయలు చేర్చమన్నారు. షుగరున్నవాళ్లు మాంసకృత్తులు పెంచేముందు కిడ్నీ పరీక్ష చూపించుకోవాలని చెప్పి నా క్రియాటినిన్ చూశాకే ఒప్పుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే మా ఆయన, నేను ఇద్దరం చేస్తున్నాం. మొత్తం ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఇంగ్లీషు జర్నల్లో వేసి వదిలేయకుండా, పాల్గొన్న మమ్మల్నందరినీ పిలిచి తెలుగులో చెప్పమని కాగితం మీద రాసిచ్చాను. పాకాల ఆవిడ కూడా సంతకం పెట్టింది. పెద్ద డాక్టరు గారు చదివి, సరేనన్నారు.