తంపర గట్టు నుంచి తేలుకుంచి దాకా

కార్తీకమాసం మొదటి వారంలో నౌపడ జంక్షన్‌లో దిగాం. గుణుపురం లైను విడిపోయేది ఇక్కడే. స్టేషను బయట ఆటో ఎక్కి తేలినీలాపురం అనగానే, "సైబీరియా పక్షులకేనా బాబూ?" అన్నాడు డ్రైవరు. శ్రీకాకుళం జిల్లాలో ఎవరిని కదిపినా ఇదే మాట. తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా ముఖం ఎన్నడూ చూసినవి కావు. రెండూ దక్షిణాసియా పక్షులే. ఎక్కడ నీళ్లుంటే అక్కడికి చేరి, గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. సముద్రాలు దాటి వచ్చింది వేరే ఉంది. దారి పొడవునా ఆటోని రెండువైపులా గీరుతున్న ముళ్లకంప అది. మెక్సికో, కరీబియన్ దీవుల వైపు చెట్టు. వంటచెరకు కోసమని 1870ల చివర్లో తెల్లదొరల ప్రభుత్వం కడప ప్రాంతంలో నాటించింది. సర్కారు తెచ్చింది గనక సర్కారు తుమ్మ అయింది.

మొదటి రోజు తేలినీలాపురం, నౌపడ తంపర. రెండో రోజు మందస కొండ అంచు, సోంపేట బీల అనే చిత్తడి నేల, చివరగా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. పక్షులను చూడటానికి వెళ్లేవాళ్లు పైకే చూస్తారు. మేం ఎక్కువగా నేలా నీళ్లూ, వాటిని ఆక్రమిస్తున్న బయటి మొక్కలూ చూశాం.

తేలినీలాపురంలో గూడబాతులు చింతచెట్ల కొమ్మల మీద పుల్లలు సర్దుతున్నాయి. ఊరివాళ్లు వీటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. కింద రెట్ట, కుళ్లు చేపల వాసన మామూలుగా ఉండదు, అయినా విసుక్కునేవాళ్లు కనబడలేదు. ఇక్కడ గూడు మాత్రమే, తిండి అంతా బయటే. కొంత తిండి దొరికేది నౌపడ తంపరలో, అంటే ఉప్పుమళ్ల చుట్టూ ఉన్న చవిటి చిత్తడిలో. గూడబాతులు ఒక్కోసారి వరసకట్టి ఈదుతూ చేపల్ని తరుముతాయి, వాటికి బారుగా తెరిపి నీరు కావాలి. ఎర్రకాళ్ల కొంగ పిక్కలోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి నడుస్తుంది, చేప తగిలితే మూస్తుంది. చలికాలంలో దిగే ఉల్లంకి పిట్టలకు నాలుగువైపులా చూపు ఆనే బోసి బురద ఉంటే తప్ప ధైర్యం రాదు. సర్కారు తుమ్మకి ఉప్పు నేల లెక్కలేదు. ముందు గట్టెక్కుతుంది, తర్వాత గట్టు దిగి బురద అంచుకు వస్తుంది. ఏటా కొంత కొంతగా. మ్యాపులో తంపర అంతే ఉంటుంది, పక్షికి పనికొచ్చే భాగం మాత్రం సన్నబడిపోతుంది.

నరికే ముందు ఏది నరుకుతున్నామో తెలియాలి. మన నల్లతుమ్మని కూడా దీనితో కలిపి కొట్టేయడం మామూలైపోయింది. నల్లతుమ్మ పువ్వు గుండ్రటి పసుపు బంతి. కాయ పూసలదండలా నొక్కు నొక్కుగా, బూడిద రంగులో ఉంటుంది. సర్కారు తుమ్మకి వేలెడు పొడవున వేలాడే పచ్చని కంకి పూత. కాయ నొక్కుల్లేకుండా బారుగా, పండితే లేత పసుపుగా, తియ్యగా ఉంటుంది. పూత, కాయ రెండూ లేని రోజుల్లో రెమ్మ చూడాలి. కణుపు కణుపుకీ వంకర తిరుగుతూ పోతే సర్కారు తుమ్మే.

ఆ తియ్యటి కాయ దగ్గరే ఉంది తంటా అంతా. గట్టు మీద ఎండిన పేడకడి ఒకటి విరిచి చూస్తే తొమ్మిది గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పశువు కడుపులో గట్టి తొక్క కాస్త మెత్తబడుతుంది, బయటికి వచ్చేసరికి ఎరువు కూడా దానికే దొరుకుతుంది. మొలవనివి నేలలో ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంటాయి. కాబట్టి కాయ రాలే ఎండాకాలంలో మందను తుమ్మల్లోకి తోలి, సాయంత్రం తంపర గట్టున కట్టేస్తే మనమే విత్తనం చల్లినట్టు. గుజరాత్‌లో కాయలు ఏరి పిండి కొట్టి దాణాలో కలుపుతారు. పిండైతే గింజ చస్తుంది, తిండి దక్కుతుంది.

ఉప్పుమళ్ల దగ్గర కత్తి పట్టుకుని ఎదురైన పెద్దాయన ఒకే మాటన్నాడు: "నరికిన కాడికి నరుకుతాం బాబూ, ఇది సావదు. ఇంకా గుబురుగా వచ్చేస్తాది." నిజమే. ఈ చెట్టు మొగ్గలు కాండం వేరూ కలిసే చోట, మట్టి లోపల ఉంటాయి. నేలమట్టానికి నరికితే ఒక్క మాను పోయి పది పిలకలు లేస్తాయి, ఈసారి ముళ్లు మరీ దట్టం. బొగ్గు కోసం వేలం పాటలో తీసుకున్నవాళ్లు మోకాలెత్తు మోడు వదిలేది అందుకే. వాళ్లకి మూడేళ్లకి మళ్లీ పంట కావాలి. బొగ్గు పాటను "తొలగింపు" అని రాసుకునే లెక్కలు ఎక్కడైనా కనిపిస్తే నమ్మక్కర్లేదు.

చంపాలంటే మోడు చుట్టూ అడుగు లోతు గొయ్యి తవ్వి, మెడ (కాండం వేరూ కలిసే చోటు) బయటపెట్టి, దాని కింద, అంటే కనీసం జానెడు లోతున వేరు తెగనరకాలి. తెగిన మెడని గట్టు మీద తిరగేసి ఎండనివ్వాలి. రోకలి బండంత మాను అయితే ఇద్దరు మనుషులకి అరగంట పని. తవ్వలేనంత పెద్దదాన్ని నరికి, పిలకలు గోరంత ఉన్నప్పుడే రెండు వారాలకోసారి గిల్లుతూ పోవాలి. ఒక ఏడాది విడవకుండా చేస్తే వేరులో దాచుకున్న బలం అయిపోతుంది. ఒక్క నెల మరిచినా మళ్లీ మొదటికే. నీటి అంచున కలుపుమందు జోలికి పోకూడదు, చేపలు తినే పక్షుల నోటికే అది చేరుతుంది.

ఎప్పుడు అన్నది ఇంకా ముఖ్యం. అక్టోబరు నుంచి పిల్లలు ఎగిరిపోయే దాకా గూళ్ల దాపుల్లో కత్తి ఎత్తకూడదు. అలికిడికి తల్లి లేస్తే కాకి గుడ్డు పట్టుకుపోతుంది. మే నెలలో చవిటి నేల రాయిలా ఉండి గునపం దిగదు. తొలకరి రెండు జల్లులు పడ్డాక, జూన్‌లో, సరిగ్గా వీలు. అదీ ఒకేసారి బోసి చెయ్యకుండా, పట్టీలు పట్టీలుగా. పోటు నీరు తగిలే వైపు మడ మొక్కలు, పొడి వైపు గానుగ, చింత వెంటనే పడాలి. ఖాళీ వదిలితే పేడలోని గింజే ముందు లేస్తుంది. బురద మైదానం మాత్రం బోసిగానే ఉండాలి. అక్కడ పచ్చదనం పేరుతో ఏ మొక్కా నాటకూడదు, అది ఎంత మంచి మొక్కైనా సరే.

మర్నాడు హైవే మీద పలాస వైపు వెళ్తుంటే రోడ్డు వార వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది. దీన్ని మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, పుణెలో. పూత రాకముందే తడి నేలలో వేరుతో పీకాలి, చేతులకి తొడుగు లేకపోతే దురద, కొందరికి ఉబ్బసం. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టినా మాడిపోతుంది. నౌపడ పక్కనే ఉంది కదా అని పొలం గట్టున కొట్టకండి, నేల పాడవుతుంది. రోడ్డు వారకే ఆ వైద్యం.

పలాస దాటగానే జీడితోటలు. జీడిమామిడి కూడా బ్రెజిల్ నుంచి వచ్చిందే, పోర్చుగీసువాళ్లు తెచ్చారు. నాటిన చోట ఉండి అన్నం పెడుతోంది. మందస కొండ అంచున చూసిన లాంటానాది ఆ తీరు కాదు. ఇది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకి పూలకోసం వచ్చిన మొక్క. మహేంద్రగిరి వైపు పోయే దారుల్లో చెట్ల కింద నడుమెత్తు గోడ కట్టేసింది. దాని కింద గడ్డి లేదు, చింతా ఉసిరీ మొలకలు లేవు. సవర గూడేలవాళ్లు అడ్డాకు, కొండచీపురు కోసం ఒకప్పుడు నేరుగా నడిచిన బాట ఇప్పుడు చుట్టుతిరుగుడు. పశువు లాంటానా తింటే కాలేయం దెబ్బతిని, ఎండకి చర్మం పుండుపడుతుంది.

లాంటానాని కాల్చడం చాలామంది చేసే తప్పు. పైన బూడిదవుతుంది, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది, పోటీకి ఉన్న మన మొక్కలు మాత్రం కాలి పోతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం చూపించిన పద్ధతి ఇంతకంటే సులువు. పొద అడుగున మట్టి గీకి, నేలకి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున, అంటే రెండు మూడు వేళ్ల మందం కింద, తల్లివేరును గొడ్డలితో ఒక్క దెబ్బకి తెంచాలి. తర్వాత పొదని ఎత్తి వేరు పైకి, కొమ్మలు కిందకి తిరగేసి పెట్టాలి. నిలువునా వదిలేస్తే నేలకి ఆనిన కొమ్మ వేరు పోస్తుంది. పెద్ద గొయ్యి తవ్వక్కర్లేదు, తవ్వి మట్టి కదిపితే అడుగున ఉన్న విత్తనాలు లేస్తాయి. ఆ తర్వాతి రెండు వానాకాలాలూ వెతకాల్సింది పెద్ద చెట్ల నీడలో. పిగిలిపిట్టలు, గోరింకలు పండు తిని కొమ్మ మీద కూర్చుని రెట్టవేస్తాయి, మొలకల గుంపు అక్కడే ఉంటుంది. మేం చూసిన ఒక మద్దిచెట్టు కింద అరచేతి మందాన మొలకలు, పది అడుగులు ఇవతలికి ఒక్కటి లేదు.

సోంపేట బీల పేరు థర్మల్ ప్లాంటు వ్యతిరేక పోరాటం నాడు, 2010లో, దేశమంతా వినబడింది. ఆ నీటి నేల కోసం జనం ప్రాణాలు ఇచ్చారు. ఇప్పుడు దాని గుంటల్లో, వాగు మలుపుల్లో గుర్రపుడెక్క ఊదారంగు పూలతో పరుచుకుంటోంది. దక్షిణ అమెరికా నుంచి బెంగాల్ మీదుగా దిగిన మొక్క. ఎరువు దిగిన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పైన తెప్పలా మూసేస్తే వెలుతురు దిగదు, నీళ్లలో గాలి తగ్గి అడుగు చేప తేలిపోతుంది. నీటికోళ్లు, తామరాకు మీద నడిచే పొడుగువేళ్ల పిట్టలు దాని మీద హాయిగానే తిరుగుతున్నాయి. అది చూసి పక్షులకి మేలే అనుకుంటే, మునిగి వేటాడే పక్షులు ఎక్కడికి పోయాయో లెక్క వేయాలి.

తీసే పనికి గాలి సాయం తీసుకోవాలి. ఈ నెలల్లో ఈశాన్యం గాలి వీస్తుంది గనక తెప్ప అంతా నైరుతి ఒడ్డుకి చేరుతుంది. పొద్దున్నే అక్కడ వెదురు బొంగులు కట్టిన తాడుతో చుట్టేసి, లోపలే లాగాలి. తాడు దాటి చిన్న ముక్క పోయినా అదే మళ్లీ చాపవుతుంది. పచ్చి డెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే, ట్రాక్టరుకెత్తడం అంటే నీళ్లు మోయడమే. గట్టు అవతలి వాలున వారం ఎండబెడితే పదో వంతుకి దిగుతుంది, అప్పుడు కంపోస్టుకి తోలుకోవచ్చు. బురదలో జలగలు, ముళ్లతో పొడిచే ఇంగిలాయి చేపలు ఉంటాయి, బూట్లు లేకుండా దిగొద్దు. చెరువు ఎండితే పీడ పోయిందనుకుంటారు. విత్తనం బురదలో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. నీరు తిరిగొచ్చిన మొదటి నెలలో, అంచున గోరంత ఆకులతో మొలకలు కనబడినప్పుడు ఏరేస్తేనే గెలుపు. ఈ డెక్కను తినడానికి 1980లలో బెంగళూరు నుంచి వదిలిన ముక్కుపురుగులు కూడా ఉన్నాయి. ఆకు మీద కందిగింజంత పలచటి గీకుడు మచ్చలుంటే అవి అక్కడ ఉన్నట్టే. వాటికి ఏళ్లు పడుతుంది. మధ్యలో మందు కొడితే ముందు చచ్చేది అవే.

అక్కడి వలకారులను అక్వేరియం గాజు తుడిచే చేప గురించి అడిగాం. ఒంటినిండా గట్టి పెంకు, వీపున తెరచాపలాంటి రెక్క. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లు పట్టి, తూర్పు కనుమల నీటివనరుల్లో సుమారు 60 శాతం చోట్ల అది చేరిందని తేల్చారు. వల చింపుతుంది, గట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. పడితే తిరిగి నీళ్లలోకి విసరకుండా చంపి గట్టుకి దూరంగా పాతేయాలి. ఒడ్డున పడేస్తే చావదు, గంటల తరబడి బతికి పాక్కుంటూ పోతుంది. ఇళ్లలో తొట్టి ఖాళీ చేసేవాళ్లు దాన్ని చెరువులో "పుణ్యానికి" వదలడం మానితే సగం పని అయినట్టే.

తేలుకుంచి చేరేసరికి పొద్దు వాలింది. నత్తగుల్ల కొంగలు చాలావరకు వెళ్లిపోయాయి, ఆలస్యంగా గూడు పెట్టిన జంటలు మిగిలాయి. పెద్ద పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్ల ముక్కుకి ఆ సందు ఇంకా రాలేదు. దీని తిండి మన చెరువు నత్త. ఊరి పక్క గుంటలో ఇద్దరు గుర్రపుడెక్క తీసి గట్టున వేస్తున్నారు. ఒక గుత్తి ఎత్తి చూస్తే నల్లటి పీచు వేళ్ల నిండా పిల్ల నత్తలు, రొయ్య పిల్లలు. అలాగే ఎండలో పడేస్తే కొంగ తిండి డెక్కతో పాటే ఎండిపోతుంది. ప్రతి గుత్తినీ ముందు నీళ్లలో రెండు మూడు సార్లు జాడించాలి. ఆ రాత్రికి నీటి అంచునే పలచగా పరిచి ఉంచాలి, పాకగలిగినవి పాకి దిగిపోతాయి. తెల్లారాక గట్టు అవతలికి ఎత్తాలి, అక్కడే వదిలేస్తే డెక్క మళ్లీ వేరు పోస్తుంది. వాళ్లు ఒక గుత్తిని జాడించి చూశారు. నీళ్లలో టపటపా రాలిన చప్పుడుకి ఒడ్డున నిలబడ్డ కొంగ ఒకటి రెండడుగులు ముందుకేసింది.