ఇన్‌స్టాలేషన్ మధ్యలో హ్యాంగ్ అయితే, ఎక్కడ ఆగిందో ముందు చూడండి

ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తుంటే మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకోండి, చాలామంది పవర్ బటన్ నొక్కిపట్టుకుని ఆపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. మళ్లీ ఆగితే ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైలు, ఇంకోసారి డౌన్‌లోడ్ చేస్తారు, అప్పటికీ కాకపోతే వేరే వెర్షన్ వెతుకుతారు. ఇలా రోజంతా గడిపేసి చివరికి ఈ మెషీన్‌కి ఈ ఓఎస్ పడదని తేల్చేస్తారు. నిజంగా పడకపోవడం చాలా అరుదు. ఇన్‌స్టాలేషన్ అంటే కొన్ని గిగాబైట్ల ఫైళ్లని పెన్‌డ్రైవ్ నుంచి చదివి, ర్యామ్‌లో విప్పి, డిస్క్ మీద రాయడం, అదీ ఆగకుండా. మామూలు వాడకంలో పైకి కనపడని లోపం ఇక్కడ బయటపడిపోతుంది.

అందుకే నేను ముందు అడిగేది ఒక్కటే. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కో చోటా? ఒకే చోట అయితే పెన్‌డ్రైవ్‌లో పాడైన ఫైలో, డిస్క్‌లో చెడిపోయిన భాగమో, సరిగ్గా ఆ క్షణంలో లోడయ్యే డ్రైవరో అయి ఉంటుంది. ఒకసారి 12 శాతం దగ్గర, ఇంకోసారి 71 దగ్గర, మరోసారి భాష ఎంచుకునే స్క్రీన్ మీదే ఆగిపోతుంటే అనుమానం ర్యామ్ మీదకీ, వేడి మీదకీ, పవర్ సప్లై మీదకీ వెళ్లాలి. ఇది వంద శాతం పనిచేసే సూత్రమేమీ కాదు గానీ, ఎటువైపు నుంచి వెతకాలో చెప్పేస్తుంది.

అసలు అది హ్యాంగ్ అయిందా, నెమ్మదిగా నడుస్తోందా అన్నది కూడా చూడాలి. క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టం ఇంకా బతికే ఉంది, డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే పని కూడా జరుగుతోంది. పాత హార్డ్ డిస్క్ మీద, నాసిరకం పెన్‌డ్రైవ్ నుంచి అయితే ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలబడిపోవడం మామూలే. విండోస్ సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. సెటప్ రాసుకునే లాగ్ పాంథర్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లోనే తెరిచి చివరి లైన్లు చూడొచ్చు. లినక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఇంకో కన్సోల్‌కి వెళ్లి సిస్టం మెసేజ్‌లు చూపించే dmesg కమాండ్ కొడితే డిస్క్ పేరు పక్కన ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్లో, యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అన్న మాటో కనిపించాయంటే సగం పని అయిపోయినట్టే. క్యాప్స్ లాక్ లైటు కూడా కదలకపోతే మాత్రం ఎదురుచూడటం దండగ.

పెన్‌డ్రైవ్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఐఎస్ఓ దింపుకున్నాక దాని ఎస్‌హెచ్ఏ-256 విలువని (ఫైలుకి వేలిముద్ర లాంటిది) సైట్‌లో ఇచ్చినదాంతో పోల్చి చూడండి. అది సరిపోయినా పెన్‌డ్రైవ్ మీద సరిగ్గా పడిందని గ్యారంటీ లేదు కాబట్టి వేరే పెన్‌డ్రైవ్ మీద రాసి, వేరే పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వద్దు, వెనక మదర్‌బోర్డుకే ఉన్నది వాడండి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. విండోస్‌లో 80070570 తో ముగిసే ఎర్రర్ వస్తే ఫైలు పాడైందనే అర్థం, అందుకని అందరూ ఐఎస్ఓనే తిడతారు. కానీ ఫైలు శుభ్రంగానే ఉండి, ర్యామ్‌లో విప్పేటప్పుడు ఒక్క బిట్ తారుమారైనా వచ్చేది అదే ఎర్రర్.

బూట్ మెనూ దాటగానే స్క్రీన్ నల్లబడి అక్కడే ఆగిపోతే, ముఖ్యంగా లినక్స్‌లో, చాలాసార్లు దోషి గ్రాఫిక్స్ డ్రైవర్. గ్రబ్ అనే ఆ బూట్ మెనూలో E అక్షరం నొక్కి, linux అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి, అదే లైన్‌లో క్వయట్ (quiet), స్ప్లాష్ (splash) అన్న మాటలుంటే తీసేసి, ఎఫ్10తో బూట్ చేయండి. స్ప్లాష్ తీసేస్తే బొమ్మ బదులు వరుసగా మెసేజ్‌లు కనిపిస్తాయి, ఆగిన చోట చివరి లైన్ ఏమిటో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి బూట్‌లోనూ నోమోడ్‌సెట్ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, సరైన డ్రైవర్ ఎక్కేదాకా.

హ్యాంగ్ కాకుండానే హ్యాంగ్‌లా కనిపించేది ఇంకోటుంది. కొత్త మెషీన్ మీద విండోస్ 7 పెడితే మొదటి స్క్రీన్ వస్తుంది గానీ మౌసూ కదలదు, కీబోర్డూ పనిచేయదు. 2009లో వచ్చిన ఆ ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు, 2012లో విండోస్ 8 నుంచే లోపలే వస్తున్నాయి. అయినా 2020 జనవరిలో సపోర్ట్ అయిపోయిన దాన్ని ఇప్పుడు కొత్త మెషీన్ మీద ఎందుకు పెట్టడం అనేది నా ప్రశ్న.

ఇప్పుడు ఒక్కోసారి ఒక్కో చోట ఆగే రకం. ఇదే అసలు తలనొప్పి. నా ఫ్రెండ్ ఒకడు, "ఒరేయ్, రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చాను, విండోసే కాదు, లినక్సూ ఎక్కట్లేదురా, డిస్క్ పోయిందేమో" అని ఫోన్ చేశాడు. రెండు వేర్వేరు ఓఎస్‌లు రెండు వేర్వేరు చోట్ల ఆగాయంటే నాకు డిస్క్ కంటే ముందు ర్యామ్ గుర్తొచ్చింది. ఈ మధ్య బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే క్రాష్ అవుతున్నాయా అని అడిగితే, అవునని, నెట్ బాగాలేదనుకుని వదిలేశానని అన్నాడు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెన్‌డ్రైవ్ మీద వేసి నడిపితే కాసేపటికే ఎర్రర్లు చూపించే ఎర్ర లైన్లు మొదలయ్యాయి. ఒక ర్యామ్ స్టిక్ తీసి రెండోదాన్ని పరీక్షిస్తే శుభ్రంగా ఉంది, మార్చి పెడితే అదీ శుభ్రమే, స్లాట్లు మార్చినా అంతే. రెండూ కలిపి పెడితేనే ఎర్రర్లు. వేర్వేరు సమయాల్లో కొన్న స్టిక్‌లు, రెంటి మీదా 3200 అనే రాసి ఉంది, కానీ ఆ వేగం వచ్చేది బయోస్‌లో, అంటే ఓఎస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే. అంటే అది ఫ్యాక్టరీ ఇచ్చిన ఓవర్‌క్లాక్ (మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే) ప్రొఫైల్ అన్నమాట. జతగా కొనని స్టిక్‌లు అంత వేగంతో కలిసి పనిచేస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. ఎక్స్‌ఎంపీ ఆపేస్తే వేగం 2400కి దిగింది, మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్లు పోయాయి, ఇన్‌స్టాలేషన్ ఒక్క ఆటంకం లేకుండా పూర్తయింది. వేగం తగ్గిందని వాడికి తెలియలేదు, నేనూ చెప్పలేదు.

మెమ్‌టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, "ఒకటే కదా" అనుకోవడానికి లేదు. స్టిక్ ఒక్కటే పెట్టినప్పుడు కూడా ఎర్రర్లు వస్తే దాని పిన్‌లని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపేసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడండి. కొన్నిసార్లు అంతే ఉంటుంది. ర్యామ్ నిక్షేపంగా ఉండి కూడా ఫైళ్లు విప్పే దశలోనే పడిపోతుంటే ప్రాసెసర్‌ని కూడా వదలకూడదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి వోల్టేజీ సమస్య ఉందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్ల ద్వారా కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు.

వేడి వల్ల ఆగుతుంటే శాతంతో సంబంధం ఉండదు, ఆన్ చేసిన తర్వాత ఇంచుమించు అంతే సమయానికి ఆగుతుంది, చల్లారాక పెడితే కొంచెం ఎక్కువ దూరం వెళుతుంది. బయోస్‌లోకి వెళ్లి టెంపరేచర్ చూపించే స్క్రీన్ మీద అలాగే వదిలేయండి. ఏ ఓఎస్సూ నడవని ఆ స్క్రీన్ కూడా బిగుసుకుపోతే ఇక ఐఎస్ఓల జోలికి వెళ్లకండి, తప్పు హార్డ్‌వేర్‌దే. ఫ్యాను తిరుగుతోందా, దుమ్ము పట్టిందా, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందా అన్నవి చూడాలి.

ఇక డిస్క్. కాపీ చేసే దశలో ఎప్పుడూ దాదాపు ఒకే చోట ఆగుతూ, లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) మాత్రం డిస్క్‌ని ముట్టుకోనంతసేపూ హాయిగా నడుస్తుంటే దాదాపు ఇదే. లైవ్‌లోనే స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, తీయండి. పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న భాగాలు), రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టేసినవి) సున్నా దాటి పెరుగుతూ ఉంటే డిస్క్ పోతున్నట్టు. అవి సున్నాగానే ఉండి సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిపోయిన సందర్భాల) సంఖ్య పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే శాటా కేబుల్‌ది, మార్చేస్తే సరిపోతుంది. డిస్కే పోతున్నట్టు తేలితే మాత్రం ఇంకోసారి ఇన్‌స్టాల్ నొక్కకండి. ఫార్మాట్ చేయని పార్టిషన్‌లో ఫొటోలూ ఫైళ్లూ ఉంటే ఆ లైవ్ సెషన్‌లోనే, ఇంకా చదవగలుగుతున్నప్పుడే, బయటి డ్రైవ్‌కి కాపీ చేసుకోండి. కొత్త ఓఎస్ కొత్త డిస్క్ మీద పెట్టుకోవచ్చు.