కుడి, ఎడమ పీకులు విడిపోయిన రోజు

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకు వచ్చిన పని 1-ఫినైల్‌ఇథైల్‌ఎమీన్‌లో కుడి, ఎడమ అణువులను వేరు చేయడం. రెండూ బింబం, ప్రతిబింబం. మరిగే ఉష్ణోగ్రత ఒకటే, మామూలు ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్ల పరిసరాలను అయస్కాంత క్షేత్రంలో పీకులుగా చూపే పరీక్ష) పీకులూ ఒకటే.

వేడి మిథనాల్‌లో ఒకే చేతివాటం ఉన్న (+)-టార్టారిక్ ఆమ్లం కరిగించి, ఎమీన్ కలిపి, ఫ్లాస్కు కదపకుండా రాత్రంతా ఉంచాను. రెండు ఎమీన్లలో (−) రకం, ఆమ్లంతో కలిసిన లవణంగా, ముందు స్ఫటికాలుగా దిగాలి. పొద్దున చూస్తే సన్నటి సూదులు! సూదులైతే శుద్ధంగా ఉండవు, పట్టకాల్లాంటి గట్టి స్ఫటికాలు కావాలి. మళ్లీ వేడిచేసి కరిగించి, ఈసారి ఇంకా నెమ్మదిగా చల్లార్చాను. వచ్చాయి. సోడియం హైడ్రాక్సైడ్‌తో ఎమీన్‌ను విడిపించాను.

ఎంత శుద్ధి? కాంతి ఎటు తిరుగుతుందో కొలిచే పోలారిమీటర్‌కు చాలినంత లేదు. ఎన్‌ఎంఆర్ ట్యూబులోనే ఒకే చేతివాటం ఉన్న మాండెలిక్ ఆమ్లం కలిపి చూద్దామనుకున్నాను. 1966లోనే రసాయన శాస్త్రవేత్త పిర్కిల్ ఇలాంటి పద్ధతి చూపించారు. ముందుగా రెండు రకాలూ సమానంగా ఉన్న ఎమీన్‌తో పరీక్షించాలి, లేకపోతే పీకులు అసలు విడిపోతాయో లేదో తెలియదు. ఆమ్లం సులువుగా కరుగుతుందని డీఎంఎస్ఓ అనే ద్రావణి వాడాను. ఎమీన్‌లోని మిథైల్ (CH₃) గుంపు ఇచ్చే జోడు పీకు రెండుగా విడిపోలేదు. రెండు రోజులు ఒకటే టెన్షన్.

“డీఎంఎస్ఓలో వాటిని దగ్గరికి ఎవరు రానిస్తారమ్మా? క్లోరోఫామ్‌లో పెట్టు,” అంది సీనియర్ అక్క.

అప్పుడు అర్థమైంది. చీకట్లో చెప్పు కుడిదో ఎడమదో కాలు పెడితేగాని తెలియదు. అణువులూ అంతే, ఆనుకుంటేనే పోల్చుకుంటాయి. డీఎంఎస్ఓ తానే హైడ్రోజన్ బంధాలు పట్టుకుని జంటను విడదీస్తుంది. క్లోరోఫామ్‌లో ఎమీన్, ఆమ్లం అయాన్లుగా మారి గట్టిగా జతకడతాయి. ఒక జంటలో మిథైల్ మీద ఆమ్లపు బెంజీన్ వలయం నీడ ఎక్కువ పడుతుంది, రెండో జంటలో తక్కువ; ఆ నీడను బట్టే పీకు చోటు మారుతుంది. జంటలు క్షణక్షణం విడిపోయి మళ్లీ కలుస్తుంటాయి కాబట్టి ఎన్‌ఎంఆర్‌కు కనిపించేది సగటు మాత్రమే. ఆ సగటులోనూ తేడా మిగులుతుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే.

డ్యూటీరియం క్లోరోఫామ్‌లో (హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న క్లోరోఫామ్) కొంచెం ఆమ్లం, కొంచెం ఎమీన్ వేసి మళ్లీ పెట్టాను. ఒక జోడు పీకుల చోట రెండు జోళ్లు, సరిసమానంగా! వెంటనే నా స్ఫటికాల ఎమీన్ పెట్టాను. ఒక జోడు నిటారుగా నిలబడింది, రెండోది బేస్‌లైన్ దగ్గర చిన్న గుర్తులా మిగిలింది. ప్రింటు తీసుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను.